8 నెలల బాబుకి ఎగ్జిమా: రక్త పరీక్షలో 14 పదార్థాలకు అలర్జీ అని వచ్చింది, ఏం మానాలి?

ఖమ్మం_అమ్మ (సోమవారం, రాత్రి 11:50)

అందరికీ నమస్కారం. మా బాబుకి ఎనిమిదో నెల. రెండో నెలలో బుగ్గల మీద ఎర్రగా మొదలైంది. ఇప్పుడు మోకాళ్ళ వెనక, మోచేతి మడతల్లో, చెవుల వెనక చర్మం పగిలి నీరు కారుతోంది. రాత్రంతా తల దిండుకేసి రుద్దుతూనే ఉంటాడు. పొద్దున చూస్తే దిండు గలీబు మీద రక్తం చుక్కలు. గోకకుండా చేతులకి సాక్సులు తొడుగుతున్నాను.

పోయిన నెల తెలిసినవాళ్ళు చెబితే ఒక ల్యాబ్‌లో ఫుడ్ అలర్జీ ప్యానెల్ చేయించాం. ఆవు పాలు, గుడ్డు, పల్లీలు, గోధుమ, శనగపప్పు, కందిపప్పు, నువ్వులు, వంకాయ, టమాటా, రొయ్యలు... మొత్తం 14 పేర్ల ఎదురుగా పాజిటివ్ అని ఉంది. అన్నీ మానేయమని అక్కడే చెప్పారు. పాలిచ్చే తల్లిని కదా అని నేనూ మానేశాను. నెల నుంచి అన్నం, బీరకాయ, సొరకాయ, మిరియాల చారు. నేను 6 కిలోలు తగ్గాను. బాబు బరువు 7 కిలోల దగ్గరే ఆగిపోయింది. ఒంటి మీద మాత్రం ఏ మార్పూ లేదు.

ఇంకో విషయం. ఏడో నెల రాగానే అత్తమ్మ ఉడికిన గుడ్డు కొంచెం అన్నంలో మెదిపి పెట్టింది. పది నిమిషాల్లో మూతి చుట్టూ, మెడ మీద దోమలు కుట్టినట్టు దద్దుర్లు లేచాయి. ఒకసారి కక్కాడు. గంటన్నరకి అన్నీ పోయాయి. మిగతా 13లో గోధుమ, కందిపప్పు అంతకుముందు తిన్నాడు, ఏమీ కాలేదు. పల్లీలు, నువ్వులు అసలు పెట్టనే లేదు.

ఇంకేం మానాలో చెప్పండి. ఇంట్లో అందరూ నా తిండి వల్లే ఇలా అయిందంటున్నారు.

---

వైజాగ్_శిరీష (మంగళవారం, ఉదయం 6:15)

ముందు మీరు కడుపునిండా తినండి. మీ తిండి వల్ల ఇది రాలేదు. మా పాపకీ ఇలాగే ఉండేది, నన్నూ ఇదే మాట అన్నారు. సగం పుండు పాప ఒంటి మీద ఉంటే సగం నా మనసులో ఉండేది. ఒంటికి ఏం రాస్తున్నారు, ఎంత రాస్తున్నారు? అది రాయలేదు మీరు.

---

గుంటూరు_నాన్న (మంగళవారం, ఉదయం 9:30)

చెల్లెమ్మా, మేం చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నా.

మావాడికి ఏడాది నిండేసరికి ఎగ్జిమా ఎక్కువగా ఉండేది. అప్పటికే రోజూ పెరుగన్నం తింటున్నాడు, ఒక్క దద్దురు కూడా రాలేదు. ఇలాంటి రిపోర్టే చూసి పాలు, పెరుగు, నెయ్యి మొత్తం ఆపేశాం. ఎగ్జిమా తగ్గలేదు. 14 నెలల తర్వాత మా బావమరిది పెళ్ళిలో పంక్తిలో ఎవరో పెద్దాయన ముద్దుచేస్తూ రెండు ముద్దలు పెరుగన్నం పెట్టారు. చేతులు కడుక్కుని వచ్చేలోపు పెదవులు ఉబ్బాయి, గొంతు బొంగురు పోయింది, పిల్లికూతలు మొదలయ్యాయి. 108లో తీసుకెళ్ళాం. తొడకి ఇంజెక్షన్ ఇచ్చాక పావుగంటకి తేరుకున్నాడు.

అరిగించుకుంటున్న పదార్థాన్ని మానిపించి, దానికే నిజమైన అలర్జీ తెచ్చిపెట్టామని తర్వాత అలర్జీ డాక్టర్ చెప్పారు. ఆ రోజు నేను చేతిలో విస్తరి పట్టుకుని నిలబడిన చోటు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తుంది. బాబు ఇబ్బంది లేకుండా తింటున్నది ఏదీ కాగితం చూసి ఆపకండి.

---

పిల్లల_డాక్టర్ (మంగళవారం, రాత్రి 10:05)

అమ్మా, బాబుని చూడకుండా మందు రాయలేను. కానీ మీ పోస్టులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. అవి విడదీస్తే సగం టెన్షన్ పోతుంది.

మొదటిది గుడ్డు. తిన్న పది నిమిషాల్లో దద్దుర్లు, వాంతి. ఇది అలర్జీ లక్షణమే. ఆహార అలర్జీ చాలావరకు నిమిషాల్లోనో, రెండు గంటల లోపో బయటపడుతుంది. డాక్టర్ చూసేదాకా బాబుకి గుడ్డు, గుడ్డు కలిసిన కేకు, బిస్కెట్ పెట్టకండి.

రెండోది ఆ మిగతా 13 పేర్లు. రక్తంలో ఒక పదార్థానికి ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) కనిపించిందంటే శరీరం దాన్ని గుర్తుపట్టిందని మాత్రమే అర్థం. తింటే రియాక్షన్ వస్తుందని కాదు. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో మొత్తం ఐజీఈయే ఎక్కువగా ఉంటుంది, కాబట్టి ఏ ప్యానెల్ చేసినా పది పదిహేను పాజిటివ్‌లు రావడం మామూలే. ఈ పరీక్షలు నెగెటివ్ వస్తే దాదాపు నమ్మవచ్చు. పాజిటివ్ వస్తే ఒంటరిగా దాన్ని నమ్మకూడదు. అందుకే మేం ముందు 'ఏం తిన్నాడు, ఎంతసేపటికి ఏమైంది' అని అడిగి, అనుమానం ఉన్న ఒకటి రెండింటికే పరీక్ష రాస్తాం. ఇక ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ పేరుతో వంద పదార్థాల పరీక్షలు అమ్ముతున్నారు. అలర్జీ నిర్ధారణకి అవి ఎందుకూ పనికిరావు.

మీ విషయంలో గోధుమ, కందిపప్పు తిని బాగానే ఉన్నాడు కాబట్టి అవి కొనసాగించండి. మీరు మామూలుగా భోజనం చేయండి. మీరు గుడ్డు మానాలా లేదా అన్నది బాబుని చూసిన డాక్టర్ తేలుస్తారు. చాలామందికి అవసరం ఉండదు.

చర్మం వల్ల అలర్జీ వస్తుందా, అలర్జీ వల్ల చర్మం పాడవుతుందా అని అందరూ అడుగుతారు. ఎక్కువమంది పిల్లల్లో చర్మమే ముందు. చర్మం పై పొరని ఇటుకల్లా కట్టి ఉంచడానికి ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కావాలి. దాని జన్యువులో లోపం ఉన్నవాళ్ళకి ఎగ్జిమా ఎక్కువగా వస్తుందని 2006లో తేలింది. గోడకి పగుళ్ళు ఉంటే ఇంటి దుమ్ములో ఉండే గుడ్డు, పల్లీల రేణువులు చర్మం గుండా లోపలికి వెళ్తాయి. చర్మం దారిలో వచ్చినదాన్ని శరీరం శత్రువు అనుకుంటుంది. నోటి దారిలో వచ్చినదాన్ని తిండి అనుకుని అలవాటు పడుతుంది. అందుకే తిండి ఆపడం కన్నా చర్మం మూయడం ముందు జరగాలి.

---

గోదావరి_అమ్మమ్మ (బుధవారం, మధ్యాహ్నం 2:20)

తల్లీ, మా పిల్లలందరికీ గానుగ నువ్వుల నూనె పట్టించి, శనగపిండి, పసుపు కలిపి నలుగు పెట్టి, వేడి నీళ్ళు పోసేవాళ్ళం. నిగనిగలాడేవాళ్ళు. ఇప్పుడు ఇవన్నీ మానేసి క్రీముల వెంట పడుతున్నారు. ఒకసారి పెట్టి చూడు.

---

పిల్లల_డాక్టర్ (బుధవారం, రాత్రి 9:40)

అమ్మమ్మ గారూ, ఆరోగ్యంగా ఉన్న ఒంటికి నలుగు పెడితే చాలామంది పిల్లలకి ఏమీ కాదు. ఈ బాబు చర్మం పగిలి ఉంది. పిండి రుద్దితే రాపిడి, ఆపైన వేడి నీళ్ళు, రెండూ కలిసి ఉన్న కాస్త జిడ్డునీ తీసేస్తాయి. ఇంకో సంగతి, నువ్వులు, శనగలు రెండూ అలర్జీ కలిగించగల ఆహారాలే. పగిలిన చర్మం మీద రుద్దితే నేను పైన చెప్పిన చర్మం దారి మనమే తెరిచినట్టు. పల్లీ నూనె కలిసిన క్రీములు వాడిన పిల్లల్లో పల్లీ అలర్జీ ఎక్కువగా కనిపించిందని 2003లోనే ఇంగ్లండ్‌లో గమనించారు. గానుగ నూనెల్లో ప్రోటీన్ మిగిలి ఉంటుంది కాబట్టి ఈ విషయంలో రిఫైన్డ్ నూనె కన్నా వాటితోనే జాగ్రత్త ఎక్కువ కావాలి.

---

గోదావరి_అమ్మమ్మ (గురువారం, ఉదయం 7:00)

ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు బాబూ. మా మునిమనవరాలికి కూడా చెంపలు పగిలి ఉన్నాయి, ఇవాళ్టి నుంచి నలుగు ఆపిస్తాను.

---

వైజాగ్_శిరీష (గురువారం, ఉదయం 11:10)

మేం రాసే పద్ధతి చెబుతాను. మా చర్మ డాక్టర్ దగ్గర కూర్చోబెట్టి నేర్పించారు.

గోరువెచ్చని నీళ్ళు, పది నిమిషాల లోపు స్నానం. వాసన లేని సోప్ ఫ్రీ క్లెన్సర్ మడతల్లో మాత్రమే. మెత్తటి పాత చీర ముక్కతో అద్దాలి, రుద్దకూడదు. ఒళ్ళు ఇంకా తేమగా ఉండగానే, మూడు నిమిషాల్లో మాయిశ్చరైజర్. వాసన లేని, చిక్కటి ఆయింట్‌మెంట్ రకం. నేను మొదట్లో వేలితో చుక్కలు పెట్టి సాగదీసేదాన్ని, నెలకి ఒక ట్యూబ్ వచ్చేది. 'ట్యూబ్ కాదమ్మా, డబ్బా కొనండి' అన్నారు. వారానికి 100 గ్రాములకి తగ్గకుండా అవ్వాలట. వెంట్రుకలు వాలిన దిక్కుకే, పైనుంచి కిందికి రాయాలి. డబ్బాలో చెయ్యి పెట్టకుండా శుభ్రమైన స్పూన్‌తో తీయాలి.

ఎర్రగా ఉన్నచోట స్టెరాయిడ్ క్రీమ్. చూపుడు వేలి మొదటి కణుపు పొడవునా పిండితే అర గ్రాము, అది పెద్దవాళ్ళ రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. నేను భయపడి కందిగింజంత రాసేదాన్ని. అందుకే నెలల తరబడి తగ్గలేదు. డాక్టర్ చెప్పినంత రాస్తే వారంలో ఎరుపు దిగింది.

---

నల్గొండ_రమ్య (గురువారం, మధ్యాహ్నం 3:45)

స్టెరాయిడ్ అంటే చర్మం పలచబడుతుందిగా అక్కా? మా బాబుకి మెడికల్ షాపులో తామర క్రీమ్ అని ఇచ్చింది రాస్తే మూడు రోజుల్లో తగ్గింది. ఆపగానే రెట్టింపు వచ్చింది.

---

పిల్లల_డాక్టర్ (గురువారం, రాత్రి 10:30)

రమ్య గారూ, ఆ ట్యూబ్ వెంటనే ఎవరికైనా డాక్టర్‌కి చూపించండి. మన దగ్గర ఎగ్జిమానీ తామర అంటారు, ఫంగస్ వల్ల వచ్చేదాన్నీ తామరే అంటారు. షాపుల్లో ఇచ్చే వాటిలో చాలావరకు బాగా ఘాటైన స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ ఒకే ట్యూబ్‌లో ఉంటాయి. చర్మం పలచబడటం, రంగు మారడం ఎక్కువగా అలాంటివి నెలల తరబడి వాడినప్పుడే చూస్తాం. పిల్లల ముఖానికి, మడతలకి మేం రాసేది తక్కువ శక్తి ఉన్నది, రోజులు లెక్కపెట్టి వాడేది. రెండూ ఒకటి కావు.

పసుపు రంగు పొర కట్టడం, చీము, జ్వరం కనిపిస్తే ఇన్ఫెక్షన్ చేరిందని అర్థం, ఆగకుండా వెళ్ళండి. ఉన్నట్టుండి ఒకేలాంటి చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా వచ్చి నొప్పిగా ఉంటే అదే రోజు వెళ్ళాలి.

---

హన్మకొండ_పద్మ (శుక్రవారం, ఉదయం 10:00)

డాక్టర్ గారు ఏమీ అనుకోవద్దు. మా పాపకి వంకాయ, టమాటా మానేశాక నిజంగానే తగ్గింది. ఇది మా కళ్ళతో చూసింది. మళ్ళీ పెట్టాలంటే ధైర్యం చాలట్లేదు.

---

పిల్లల_డాక్టర్ (శుక్రవారం, రాత్రి 9:15)

పద్మ గారూ, మీరు చూసింది అబద్ధం అనను. కొంతమందికి ఆహారం వల్ల ఎగ్జిమా ఒకటి రెండు రోజుల తర్వాత పెరుగుతుంది కూడా. అయితే ఎగ్జిమా దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ముదిరినప్పుడు మనం ఏదో ఒకటి మానేస్తాం, ఆ తర్వాత తగ్గడం సహజం. కాబట్టి మానేసి చూడటం సగం పరీక్షే. రెండు నుంచి నాలుగు వారాలు మాని, మళ్ళీ పెట్టినప్పుడు పెరిగితేనే ఆ పదార్థం పాత్ర ఉందని చెప్పగలం. మళ్ళీ పెట్టేది మాత్రం డాక్టర్‌ని అడిగి పెట్టండి. గుంటూరు అన్నయ్య రాసింది గుర్తుంచుకోవాలి, ఎక్కువ కాలం మానిన తర్వాత మొదటి ముద్దే ప్రమాదం కావచ్చు.

టమాటా, నిమ్మ లాంటి పులుపు తగిలి మూతి చుట్టూ ఎర్రబడటం చాలాసార్లు పులుపుకి చర్మం మండటమే, అలర్జీ కాదు. అన్నం పెట్టే ముందు మూతి చుట్టూ కాస్త వాజలైన్ రాసి చూడండి.

---

టెక్సస్_తెలుగమ్మాయి (శనివారం, ఉదయం 8:20)

హాయ్ ఖమ్మం అక్కా. మేం ఫ్రిస్కోలో ఉంటాం. మా పాపకి జీడిపప్పు, పిస్తా అలర్జీ. ఈ రెండూ ఒకే కుటుంబం, ఒకటి ఉంటే రెండోదీ ఉండటం మామూలు. ఉప్మా, కుర్మా, కాజు బర్ఫీ... మన విందు భోజనంలో జీడిపప్పు లేని వంటకం వెతుక్కోవాలి.

పల్లీల గురించి ఇక్కడ డాక్టర్ మాకు చెప్పింది మీకు పనికొస్తుంది. అమెరికాలో 2000లో రిస్క్ ఉన్న పిల్లలకి మూడేళ్ళు వచ్చేదాకా పల్లీలు పెట్టొద్దన్నారు. 2008లో ఆ సలహా వెనక్కి తీసుకున్నారు. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలు బాంబా అనే పల్లీ చిరుతిండి తింటూ పెరుగుతారు. అక్కడి యూదు పిల్లల కన్నా బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో పల్లీ అలర్జీ పది రెట్లు ఉందని లండన్‌లో గిడియాన్ లాక్ అనే డాక్టర్ బృందం గమనించింది. ఆ తర్వాత ఎగ్జిమా బాగా ఉన్నవాళ్ళు, గుడ్డు అలర్జీ ఉన్నవాళ్ళు, మొత్తం 640 మంది పసిపిల్లల్ని రెండు భాగాలు చేశారు. సగం మందికి పల్లీలు పెట్టారు, సగం మందికి ఆపారు. ఐదేళ్ళు వచ్చేసరికి ఆపినవాళ్ళలో 17 శాతం మందికి అలర్జీ వచ్చింది, పెట్టినవాళ్ళలో 3 శాతం మందికే. 2015లో వచ్చిన లీప్ అధ్యయనం అదే. మీ బాబు సరిగ్గా అలాంటి బాబే.

---

పిల్లల_డాక్టర్ (శనివారం, రాత్రి 10:50)

సరిగ్గా చెప్పారు. ఒక హెచ్చరిక మాత్రం. ఎగ్జిమా తీవ్రంగా ఉండి, గుడ్డుకి రియాక్షన్ కూడా వచ్చిన బిడ్డకి పల్లీలు ఇంట్లో మొదటిసారి పెట్టకండి. ముందు పరీక్ష, అవసరమైతే ఆసుపత్రిలో మొదటి మోతాదు. ఆ అధ్యయనంలో వారానికి 6 గ్రాముల పల్లీ ప్రోటీన్, కనీసం మూడుసార్లుగా పెట్టారు. ఒక్కో గింజలో సుమారు పావు గ్రాము ఉంటుంది. గింజలుగా ఐదేళ్ళ లోపు వద్దు, గొంతుకి అడ్డం పడతాయి. వేయించి మెత్తగా పొడి చేసి జావలో కలపాలి.

---

ఖమ్మం_అమ్మ (ఆదివారం, రాత్రి 12:10)

అందరి మాటలూ మా ఆయనకి, అత్తమ్మకి చదివి వినిపించాను. అత్తమ్మ ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళి నాకు పప్పు, నెయ్యి వేసి అన్నం కలిపి పెట్టింది. నెల తర్వాత పప్పన్నం తిన్నాను. ఏడుపు ఆగలేదు.

హైదరాబాద్‌లో అలర్జీ డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఒక చిన్న సందేహం. పాలు పడకపోతే మేక పాలు పెట్టొచ్చని పక్కింటివాళ్ళు చెబుతున్నారు, నిజమేనా?

---

గుంటూరు_నాన్న (ఆదివారం, ఉదయం 7:30)

వద్దు చెల్లెమ్మా. ఆవు పాలకి నిజంగా అలర్జీ ఉంటే మేక పాలు, గేదె పాలు చాలావరకు పడవు, ప్రోటీన్లు ఒకేలా ఉంటాయి. ఏ2 పాలు అని అమ్మేవీ అంతే. మాకు డాక్టర్ వేరే ఫార్ములా రాశారు.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవడం అలవాటు చేసుకోండి. పాలు, గుడ్డు, చేపలు, రొయ్యల జాతి, పల్లీలు, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, గ్లూటెన్ ఉన్న గోధుమ లాంటి ధాన్యాలు ఉంటే రాసి తీరాలని మన ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధనల్లో ఉంది. నువ్వులు ఆ జాబితాలో లేవు, కాబట్టి పదార్థాల వరస మొత్తం చదవాలి. గోధుమ అలర్జీ ఉన్నవాళ్ళకి ఒక మాట: మనం వాడే ఇంగువలో గోధుమ పిండి కలుపుతారు. తెలంగాణ అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి.

---

ఖమ్మం_అమ్మ (ఏడు వారాల తర్వాత, బుధవారం రాత్రి)

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి.

డాక్టర్ మొదటి రోజు ఏ పరీక్షా చేయలేదు. రిపోర్ట్ చూసి పక్కన పెట్టి, బాబుని లైటు కింద పడుకోబెట్టి ఒళ్ళంతా చూశారు. మూడు వారాలు చర్మం సంగతే చూద్దామన్నారు. శిరీష అక్క చెప్పినట్టే రాశాం. నాలుగో రోజుకి నీరు కారడం ఆగింది. ఎనిమిదో రోజు రాత్రి బాబు ఐదు గంటలు ఏకధాటిగా పడుకున్నాడు. నేను నాలుగుసార్లు లేచి ఊపిరి ఆడుతోందా అని చూసుకున్నాను.

తర్వాత వీపు మీద ప్రిక్ టెస్ట్. దానికి ముందు వారం రోజులు దురద సిరప్ ఆపించారు. ఒక్కో చుక్క వేసి సన్నగా గుచ్చారు, పావుగంట ఆగి స్కేలుతో కొలిచారు. గుడ్డు 6 మిల్లీమీటర్లు. నువ్వులు 2, అంత చిన్నది లెక్కలోకి రాదన్నారు. పాలు, పల్లీలు, గోధుమ సున్నా. పద్నాలుగులో మిగిలింది గుడ్డు ఒక్కటే.

పల్లీల మొదటి మోతాదు అక్కడే పెట్టించారు. వేయించిన పల్లీల పొడిని గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, మొదట చెంచా కొస మీద అంత, ఇరవై నిమిషాలకి పావు చెంచా, అలా పెంచుతూ పోయారు. నర్సు ప్రతిసారీ చొక్కా ఎత్తి పొట్ట, వీపు చూసింది. నాకు చేతులు వణుకుతున్నాయి. వాడు మాత్రం చెంచా లాక్కుంటున్నాడు. తర్వాత రెండు గంటలు కూర్చోబెట్టి పంపించారు.

---

నల్గొండ_రమ్య (గురువారం, ఉదయం)

చాలా సంతోషం అక్కా! గుడ్డు అలర్జీ ఉంటే తొమ్మిదో నెల మీజిల్స్ టీకా వేయించొచ్చా? మా దగ్గర ఏఎన్‌ఎమ్ అక్క వద్దంటోంది, మా బాబుకీ గుడ్డు పడదు.

---

పిల్లల_డాక్టర్ (గురువారం, రాత్రి)

వేయించండి. గుడ్డు అలర్జీ ఎంఆర్ (మీజిల్స్, రుబెల్లా) టీకాకి అడ్డు కాదు. టీకా ఆపితే వచ్చే ప్రమాదమే పెద్దది.

ఖమ్మం అమ్మా, గుడ్డు, పాల అలర్జీలు ఎక్కువమంది పిల్లల్లో పెద్దయ్యేకొద్దీ పోతాయి. గుడ్డు పడని పిల్లల్లో దాదాపు 70 శాతం మంది కేకులో బాగా కాలిన గుడ్డు తినగలుగుతారు. అది కూడా ఆసుపత్రిలోనే మొదలుపెట్టాలి. పొరపాటున తింటే ఏం చేయాలో రాసి ఇచ్చారా?

---

ఖమ్మం_అమ్మ (శుక్రవారం, రాత్రి)

ఇచ్చారు సార్. దద్దుర్లు మాత్రమే ఉంటే సిరప్ ఇచ్చి గమనించడం. దగ్గు, గొంతు బొంగురు, పిల్లికూతలు, పదే పదే వాంతులు, వాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా సిరప్ కోసం చూడకుండా తొడ బయటి వైపు అడ్రినలిన్ ఇంజెక్షన్, వెంటనే 108. పడుకోబెట్టే ఉంచాలి, ఎత్తుకుని నిలబెట్టకూడదు. మనకి పెన్నులా ఉండే ఇంజెక్షన్ సులువుగా దొరకదని యాంప్యూల్ (మందు ఉన్న చిన్న గాజు బుడ్డి), 1 మిల్లీలీటరు సిరంజి ఇచ్చారు. బాబు బరువుకి ఎంతో సిరంజి మీద ఎర్ర గీత పెట్టారు. బరువు పెరిగేకొద్దీ గీత మార్చాలన్నారు. నాకు, మా ఆయనకి, అత్తమ్మకి ఉత్త నీళ్ళతో నారింజ పండు మీద పొడిచి నేర్పించారు. అత్తమ్మదే అందరికన్నా నిలకడైన చెయ్యి.

డబ్బా ఎండ తగలని అల్మారాలో, బాబు చేతికి అందని అరలో పెట్టాం. అంగన్‌వాడీ టీచర్‌కి కూడా కాగితం ఒకటి ఇచ్చి వచ్చాను, అక్కడ గుడ్డు పెడతారు కదా.

---

టెక్సస్_తెలుగమ్మాయి (శనివారం, ఉదయం)

గ్రేట్ అక్కా. పల్లీలు మాత్రం ఆపకండి. వారంలో మూడు రోజులు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

---

గుంటూరు_నాన్న (నాలుగు నెలల తర్వాత)

చెల్లెమ్మా, బాబు ఎలా ఉన్నాడు? బరువు పెరిగాడా?

---

ఖమ్మం_అమ్మ (అదే రోజు, రాత్రి)

9 కిలోల 200 అన్నయ్యా. సిరంజి మీద గీత మొన్ననే మార్పించాం. చలికాలం మోకాళ్ళ వెనక మళ్ళీ కొంచెం ఎర్రబడింది, క్రీమ్‌తో వారంలో దిగింది. సోమ, బుధ, శని రాగి జావలో పల్లీల పొడి. అలారం మోగకముందే అత్తమ్మ జావ కలిపేస్తోంది. గుడ్డు ఇంకా దూరమే, ఏడాదిన్నర నిండాక మళ్ళీ పరీక్ష చేద్దామన్నారు. సాక్సులు ఉతికి కాళ్ళకి తొడుగుతున్నాను.